పీసీఓఎస్ ఆన్‌లైన్ కన్సల్టేషన్: డాక్టర్‌కి ఐదు, యాప్‌కి రెండు

పీసీఓఎస్ (ఆడవాళ్లలో హార్మోన్లు, నెలసరి గతి తప్పే సమస్య) ఉన్నవాళ్ల కోసమని నడిపే ఒక కన్సల్టేషన్ యాప్ కొన్నాళ్లుగా వాడుతున్నాను. డాక్టర్‌గారికి ఐదుకి ఐదు ఇస్తాను, యాప్‌కి మాత్రం రెండు దాటి ఇవ్వలేను.

యాప్ తెరవగానే "పీసీఓఎస్ ఉందా? మీకు కరోనా ముప్పు రెట్టింపు!" అని పెద్ద బ్యానర్, దాన్ని నొక్కితే ఇమ్యూనిటీ పౌడర్ కొనే పేజీ వస్తుంది. అసలే నెలసరి సరిగా రాక, బరువు తగ్గక, మొటిమలతో విసిగిపోయి వచ్చిన అమ్మాయికి ఇంకో టెన్షన్ తగిలించి డబ్బా అమ్మాలని చూడటం చాలా తప్పు, పైగా ఆ "రెట్టింపు" నిజం కూడా కాదు.

కన్సల్టేషన్‌లో నేను మొదట అడిగింది ఇదే. డాక్టర్‌గారు తేలిగ్గా తీసిపారేయకుండా, భయపెట్టకుండా వివరంగా చెప్పారు. బ్రిటన్‌లో 2020 జనవరి నుంచి జులై వరకు ఉన్న వైద్య రికార్డుల్లో పీసీఓఎస్ ఉన్న 21,292 మందిని, లేని 78,310 మందిని పరిశోధకులు పోల్చి చూశారట. వయసు ఒక్కటే పరిగణిస్తే కరోనా సోకే అవకాశం 51 శాతం ఎక్కువగా కనిపించింది, బరువు, షుగర్ లాంటివి కూడా కలిపి చూసేసరికి అది 28 శాతానికి దిగింది. అంటే వందలో 28 మందికి వస్తుందని కాదు, పీసీఓఎస్ లేనివాళ్లకి ఉన్న అవకాశం కంటే అంత ఎక్కువని. టెస్టులు సరిగా దొరకని రోజులు కాబట్టి అనుమానిత కేసుల్ని కూడా అందులో కలిపారు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ అధ్యయనం సోకడం వరకే చూసింది, సోకాక జబ్బు ఎంత ముదురుతుందనేది అందులో లేదు. ఇవన్నీ వదిలేసి బ్యానర్ మీద రెట్టింపు అని ఎలా రాస్తారు?

ఆ తర్వాత డాక్టర్‌గారు అసలు విషయానికి వచ్చారు. నడుము కొలత, బీపీ, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా అని అడిగారు. పీసీఓఎస్‌లో చాలామందికి ఇన్సులిన్ సరిగా పనిచేయదు, పరగడుపు షుగర్ మామూలుగానే ఉండి తేడా బయటపడకపోవచ్చు, అందుకే 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటల తర్వాత చేసే పరీక్ష రాశారు. ఇంతకుముందు నాకు ఎవరూ అది రాయలేదు, స్కాన్‌లో అండాశయాల మీద నీటి బుడగలు చూసి బరువు తగ్గమని పంపించేసేవాళ్లు. మెట్‌ఫార్మిన్ (షుగర్‌కి, పీసీఓఎస్‌కి ఇచ్చే మాత్ర) వాడేవాళ్లు కరోనా భయంతో సొంతంగా మానేయొద్దని, పీసీఓఎస్ ఉందని టీకా మానుకోవాల్సిన పని లేదని కూడా స్పష్టంగా చెప్పారు. పౌడర్ గురించి అడిగితే అవసరం లేదన్నారు, వాళ్ల యాప్‌లోనే అమ్ముతున్నా సరే.

వీడియో మధ్యమధ్యలో ఆగుతుంది, రిపోర్టులు ఎక్కించడం విసుగు, అది సర్దుకోవచ్చు.

వాడాలనుకుంటే నేరుగా డాక్టర్ స్లాట్ తీసుకోండి, షాపింగ్ పేజీ జోలికి వెళ్లకండి. బ్యానర్ తీసేయమని కస్టమర్ కేర్‌కి రాశాను, ఇంకా జవాబు రాలేదు.