కోచ్‌కి బయట కాంట్రాక్టు వస్తే: వెంట పోవాలా, హనుమకొండలోనే ఉండాలా?

వరంగల్‌లో ఫుట్‌బాల్ కోచింగ్‌నే నమ్ముకుని ఇల్లు నడపడం కష్టం. అందుకే ఏ గోవా క్లబ్బో, బెంగళూరు అకాడమీయో పిలిస్తే కోచ్ కాదనలేడు. భార్యాపిల్లలు అందరూ పోవాలా, ఆయనొక్కడే పోవాలా అన్నది చాలా ఇళ్లలో జీతం చూసి తేలుస్తారు. కోచ్ ఇల్లాలిగా మీరు ముందు చూడాల్సింది పిల్లల తరగతి.

మన దగ్గర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానికతకు ఒకటి నుంచి ఏడో తరగతి లోపు నాలుగేళ్లు ఎక్కడ చదివారన్నదే లెక్క. మెడికల్ సీటుకైతే 2024 నిబంధన ప్రకారం తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా నాలుగేళ్లూ తెలంగాణలోనే చదవాలి. అంటే నాలుగో తరగతి ఇక్కడ పూర్తయితే ఐదు నుంచి ఎనిమిది దాకా నిశ్చింతగా వెంట పోవచ్చు, తొమ్మిదికి తిరిగొచ్చెయ్యాలి. పోయేముందే టీసీతోపాటు స్టడీ సర్టిఫికెట్లు తీసి పెట్టుకోండి, చిన్న ప్రైవేటు బడి మూతపడితే తర్వాత వాటికోసం తిరగలేక చస్తారు. అక్కడ సీబీఎస్ఈ బడిలో వేసినా ఇంట్లో తెలుగు రాయించడం మానొద్దు. 2018 చట్టంతో ఇక్కడ పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి. నాలుగేళ్లు వదిలేసిన పిల్లలు ఒత్తుల దగ్గరే ఆగిపోతారు.

వెంట పోతే మనిషి దగ్గరుంటాడన్నది సగమే నిజం. పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం మ్యాచ్ వీడియోలు చూసుకోవడం, బయటి ఊళ్లో మ్యాచ్ అంటే ఒకట్రెండు రోజుల ముందే ప్రయాణం. మ్యాచ్‌లు ఎక్కువగా శని ఆదివారాల సాయంత్రాలే, ఆయనకు సెలవు దొరికేనాటికి పిల్లలు బడిలో ఉంటారు. రాత్రి పిల్లకు జ్వరమొస్తే భాష రాని ఊళ్లో మీరొక్కరే. హనుమకొండలో అయితే ఒక్క ఫోన్‌కు అత్తమ్మో, పక్కింటామో వస్తారు.

ఇక్కడే ఉండిపోతే భారం వేరు. రెండు కాపురాల ఖర్చు, పైగా బతుకమ్మ, దసరా చాలాసార్లు సీజన్ మొదలయ్యే రోజుల్లోనే పడతాయి. ఆయన్ను రమ్మని పోరు పెట్టేకంటే దసరా సెలవులకు మీరే కాజీపేటలో రైలెక్కడం మేలు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ పొద్దుటే తీసుకోండి.

కాంట్రాక్టు ఒక్క సీజన్‌దైతే మాత్రం కాపురం కదపొద్దు. వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడితే డిసెంబరులోనే కోచ్‌ను మార్చేసే క్లబ్బులున్నాయి. అప్పుడు కట్టిన స్కూలు ఫీజు తిరిగి రాదు, ఇంటి అడ్వాన్సు చిక్కుకుంటుంది. బెంగళూరులో ఆ అడ్వాన్సే కొన్నిచోట్ల ఆరు నుంచి పది నెలల అద్దె. రెండు సీజన్ల కాంట్రాక్టు, ఐదు–ఎనిమిది తరగతుల మధ్య పిల్లలు ఉంటే వెళ్లమనే అంటాం. మీకు ఇక్కడ సర్కారు కొలువుంటే ఉండిపోవడమే.

మూడో దారి, ఇక్కడే సొంత అకాడమీ. మేలో సమ్మర్ క్యాంపు నిండుతుంది, జూన్‌లో బళ్లు తెరిచి వానలు పడగానే సగం ఖాళీ అవుతుంది. ఫీజుల పుస్తకం, బిబ్బుల (ప్రాక్టీసులో జట్లను గుర్తుపట్టేందుకు చొక్కా మీద వేసుకునే రంగు బనియన్లు) ఉతుకు ఇంటామె మీదే పడతాయి. ఏడాది ఖర్చుకు సరిపడా పొదుపు లేకుండా దీనికి దిగొద్దు.

ఏ దారైనా సంతకానికి ముందు మూడు మాటలు కాగితం మీద రాయించుకోండి: మధ్యలో తీసేస్తే ఎన్ని నెలల జీతం ఇస్తారు, ఇంటద్దె ఎవరు కడతారు, ఏడాదికి కుటుంబానికి ఎన్ని టికెట్లు ఇస్తారు.