ఉప్పుగాలిలో పాత బాక్సులకు కొత్త షట్టర్లు: ఐదేళ్లు వాడాక

వైజాగ్ లాసన్స్ బే వైపు, సముద్రపు గాలి నేరుగా కొట్టే వంటిల్లు. వంటింటి అల్మరాల పాత బాక్సులు అలాగే ఉంచి షట్టర్లు (తలుపులు), హింజులు (మడతబందులు), సొరుగులు మార్పించాం. సింకు కింద బాక్సు మాత్రం ఐఎస్ 710 ప్లైవుడ్‌తో (నీటిని తట్టుకునే మెరైన్ రకం) కొత్తది. మొత్తం కొత్తగా చేయించే ఖర్చులో సగం కూడా కాలేదు. ఐదేళ్లు దాటాక చెప్పగలిగేది ఒకటే: వైజాగ్‌లో ముందు పోయేది చెక్క కాదు, ఇనుము.

షాపులో ‘స్టీలేనండీ’ అని ఇచ్చే హింజుల్లో నికెల్ పూత వేసిన ఇనుము ఉంటుంది, స్టెయిన్‌లెస్ స్టీలులో 202 రకం ఉంటుంది, తుప్పును బాగా తట్టుకునే 304 రకం ఉంటుంది. పై వరసకు కాంట్రాక్టరు పూతవి బిగించాడు. రెండో వానాకాలానికే హింజు కప్పు (షట్టరులోకి దిగే గుండ్రటి భాగం) చుట్టూ గోధుమరంగు పొడి లేచి, కింద బోర్లించిన కంచాల మీద రాలడం మొదలైంది. కింది వరసలోని 304వి ఇప్పటికీ చప్పుడు లేకుండా మూసుకుంటున్నాయి. అయస్కాంతం పెట్టి తేల్చేద్దాం అనుకోకండి, 202కి కూడా అది అతుక్కోదు. టెస్ట్ లిక్విడ్ చుక్క వేయించండి, 202 మీద ఎర్రబడుతుంది. స్క్రూలు కూడా 304వే అడగాలి. హింజుకి అంత పెట్టి మామూలు స్క్రూ బిగిస్తే దాని తలే ముందు తుప్పు పడుతుంది.

హింజు చేతి వంపును క్రాంక్ అంటారు. షట్టరు బాక్సు పక్కపలకను పూర్తిగా కప్పితే 0 క్రాంక్, ఒకే పలకను రెండు షట్టర్లు పంచుకుంటే 8, చౌకట్టు లోపలికి కూర్చుంటే 16. కడప బండల మధ్య చెక్క చౌకట్టు ఉన్న పాత ఇళ్లలో ఎక్కువగా 16వే పడతాయి. అలాంటి చౌకట్లు మూలమట్టానికి ఉండవు కాబట్టి వెడల్పు పైన, మధ్యలో, కింద మూడుచోట్లా కొలిచి, వాటిలో చిన్న కొలతలోంచి షట్టరు రాసుకోకుండా వదిలే సందు తీసేయాలి. షట్టరు ఎత్తు 3 అడుగులు దాటితే మూడో హింజు తప్పదు.

పాత సన్‌మైకా మీదే కొత్తది అంటించేస్తామంటే ఒప్పుకోకండి. తెల్ల గమ్‌లోని నీటిని చెక్క పీల్చుకుంటుంది, సన్‌మైకా పీల్చుకోదు. అందుకే పట్టు రాదు. రబ్బరు గమ్ అంటుకుంటుంది గానీ స్టవ్ పక్క వేడికి అంచులు లేస్తాయి. కొత్త 18 మి.మీ. షట్టరుకి బయట 1 మి.మీ., లోపల 0.8 మి.మీ. లామినేట్ వేయించడమే నయం. లోపలివైపు డబ్బు మిగుల్చుకుందామని వదిలేస్తే షట్టరు విల్లులా వంగుతుంది.

షట్టరు అంచులకు వేసే పట్టీ 2 మి.మీ.ది, మిషన్ మీద వేసిందే కావాలి. సైటులో చేత్తో అంటించిన పట్టీ సింకు షట్టరు కింది మూలలో విడిపోయింది. నేల కడిగినప్పుడల్లా నీళ్లు అక్కడే దూరతాయి మరి.

బాక్సు ఉంచాలా తీసేయాలా అన్నది వెనక పలకే చెబుతుంది. స్క్రూడ్రైవరుతో కింది మూలల్లో పొడిచి చూడండి. మెత్తగా దిగినా, చెద మట్టి కనిపించినా షట్టర్లకు డబ్బు తగలేయొద్దు.

ఇప్పుడు పై వరసకూ 304వి వేయిస్తున్నాం. కప్పు రంధ్రం మామూలుగా 35 మి.మీ.దే కాబట్టి అది సరిపోయింది. బేస్‌ప్లేటు (బాక్సు పక్కపలకకు బిగించే హింజు భాగం) స్క్రూల మధ్య దూరం మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, పాత హింజు ఒకటి ఊడదీసి షాపుకి పట్టుకెళ్లండి. వదులైన పాత రంధ్రాల్లో గమ్ రాసిన చెక్కపుల్ల దిగగొట్టి, ఆరాకే మళ్లీ డ్రిల్ చేయించాలి.