గోరమ్ శాంటిలీ, రీడ్ అండ్ బార్టన్ ఫ్రాన్సిస్ ఫస్ట్: ఏళ్ల తరబడి వడ్డించాక

పాత అమెరికన్ వెండి గరిటెలు బీరువాలో పెట్టి చూసుకోవడానికైతే ఏవి కొన్నా ఒకటే. రోజూ వడ్డించడానికైతే గోరమ్ కంపెనీ వాళ్ల శాంటిలీ డిజైన్ కొనండి.

న్యూజెర్సీలో మా ఇంట్లో ఇదీ, రీడ్ అండ్ బార్టన్ కంపెనీ వాళ్ల ఫ్రాన్సిస్ ఫస్ట్ డిజైనూ రెండూ వాడుతున్నాం, అన్నీ ఎస్టేట్ సేల్స్‌లో (పాత ఇళ్లలోని సామాను అమ్మేసేచోట) కొన్నవే. శాంటిలీ 1895లో విలియం కాడ్మన్ గీసిన డిజైన్. నగిషీ అంతా కాడ కొసన, అంచుల్లోనే ఉంటుంది, మిగతాది నున్నగా చేతిలో ఒదుగుతుంది. రీడ్ అండ్ బార్టన్ వాళ్ల 1907 నాటి ఫ్రాన్సిస్ ఫస్ట్ కాడల నిండా పళ్లూ పూలూ. ఒక్కో రకం గరిటె మీద ఒక్కో పళ్ల గుత్తి. అందంలో దీనిదే పైచేయి, కానీ పాలిష్ ఆ సందుల్లో ఇరుక్కుని తెల్లగా ఎండిపోతుంది. మెత్తటి బ్రష్‌తో రాబట్టేసరికి ఓపిక అయిపోతుంది. సందుల్లోని నలుపును మాత్రం వదిలేయండి, పళ్లు విడివిడిగా కనపడేది దానివల్లే.

అన్నిటికన్నా ఎక్కువ వాడేది టమాటా సర్వర్, అంటే టమాటా ముక్కలు వడ్డించే గరిటె. గుండ్రంగా, పలచగా, చిల్లులతో ఉంటుంది. దాంతో ఆవడ ఎత్తితే పెరుగు కిందకి కారిపోతుంది, వడ విరగదు. ఆ రోజుల్లో చేపకి, ఐస్‌క్రీమ్‌కి, ఆస్పరాగస్‌కి వేరువేరుగా ఇలాంటివి చేసేవాళ్లు. 1920ల్లో అమెరికా వాణిజ్య మంత్రి హెర్బర్ట్ హూవర్ ఒక్కో డిజైన్‌లో 55 రకాలు చాలని చెప్పాల్సి వచ్చిందంటే చూడండి!

రోజూ వాడే వెండి అంత త్వరగా నల్లబడదు. గుడ్డు, ఉల్లిపాయ తగిలితే మాత్రం రంగు మారుతుంది. ఉప్పు తగిలింది వెంటనే కడగకపోతే గుంటలు పడతాయి. కేక్ సర్వర్ లాంటివాటికి కాడ బోలుగా ఉంటుంది, లోపల లక్క లాంటిది నింపుతారు. డిష్‌వాషర్‌లో వేస్తే అది వదులై ఊడి వస్తుంది.

కొనేటప్పుడు వెనక్కి తిప్పి ముద్రలు చూడండి. సింహం, లంగరు, G ఉంటే గోరమ్. డేగ, R, సింహం ఉంటే రీడ్ అండ్ బార్టన్. పక్కన 'స్టెర్లింగ్' అని ఉంటే 92.5 శాతం వెండి. '1847 రోజర్స్ బ్రదర్స్' అని కనపడితే వెండి పూతే. ఆ 1847 బ్రాండు పేరులోని అంకె, వస్తువు తయారైన ఏడాది కాదు.

మన స్టీలు సామాన్ల మీద పేర్లు కొట్టించినట్టే వీటి మీదా ఎవరివో పొడి అక్షరాలుంటాయి. చాలామంది వద్దంటారు కాబట్టి అవి కాస్త చవగ్గా దొరుకుతాయి. నేను వెతికి మరీ అవే కొంటాను.