కంపెనీ అడ్వాన్సా, అప్పు చేసి పెట్టిన లేబులా? పంక్ బ్యాండ్ మేనేజర్‌కు ఏది మేలు?

1977 జనవరి ఆఖరి వారంలో లండన్‌లో ద క్లాష్ అనే పంక్ (వేగంగా, మొరటుగా వాయించే రాక్ సంగీతం) బ్యాండ్ సీబీఎస్ అనే పెద్ద రికార్డు కంపెనీతో లక్ష పౌండ్లకు ఒప్పందం చేసుకుంది. అప్పుడు వాళ్ల మేనేజర్ బెర్నీ రోడ్స్. అదే వారం మాంచెస్టర్‌లో బజ్‌కాక్స్ అనే మరో పంక్ బ్యాండ్ మేనేజర్ రిచర్డ్ బూన్ ఆ బ్యాండ్ మొదటి రికార్డును న్యూ హార్మోన్స్ అనే సొంత లేబుల్ (రికార్డులు వేసి అమ్మే సంస్థ) మీద విడుదల చేశాడు. పెట్టుబడి, ఇంట్లోవాళ్లూ స్నేహితులూ అప్పిచ్చిన 500 పౌండ్లు.

డబ్బు చూస్తే పోలికే లేదు. కానీ అడ్వాన్స్ అంటే కంపెనీ ముందుగా ఇచ్చి, అమ్మకాల్లోంచి తిరిగి పట్టుకునే సొమ్మే. దాంతోపాటు నిర్ణయాలూ చేయిదాటిపోతాయి. ఆ ఏడాదే సీబీఎస్ క్లాష్‌ను అడక్కుండా వాళ్ల పాటొకటి సింగిల్‌గా (విడి రికార్డుగా) వదిలింది. ఒళ్లుమండి వాళ్లు దానిమీదే ఇంకో పాట కట్టారు. 1980లో మూడు రికార్డుల ఆల్బమ్‌ను తక్కువ ధరకు అమ్మించడానికి రాయల్టీ వదులుకోవాల్సి వచ్చింది. అయితే వాళ్ల పాట అన్ని దేశాలకు చేరడంలో ఆ కంపెనీ బలం ఉంది, అది కాదనలేం.

బూన్ తెచ్చిన రికార్డులో పాటలు నాలుగే. అట్ట మీది ఫొటో ఊరి నడిబొడ్డున విగ్రహం దగ్గర అతనే పోలరాయిడ్‌తో తీశాడు. వెనక్కి తిప్పితే ఒక్కో పాట ఎన్నో టేకులో (ఎన్నోసారి పాడి రికార్డు చేస్తే) ఓకే అయిందో, పైన ఇంకేమైనా కలిపారో లేదో రాసి ఉంటుంది. అది చదివిన కుర్రాడికి ‘ఇంతేనా, మనమూ చేసేయొచ్చు’ అనిపిస్తుంది. నాకు ఆ రికార్డులో అన్నిటికన్నా నచ్చింది ఆ రాతే. మొదట 1,000 కాపీలు వేశారు, అమ్మకం 16,000 దాకా వెళ్లింది.

ఇందులో టెన్షన్ తక్కువేం కాదు. వచ్చిన డబ్బు మళ్లీ కాపీలు వేయించడానికే పోతుంది. షాపులకు పంపడం, బాకీలు వసూలు చేయడం, రాత్రి షో చూసుకోవడం అన్నీ మేనేజర్ నెత్తినే. ఆ ఆగస్టులోనే బజ్‌కాక్స్ యునైటెడ్ ఆర్టిస్ట్స్ కంపెనీకి వెళ్లింది. న్యూ హార్మోన్స్ మరికొన్ని బ్యాండ్ల రికార్డులు వేసి 80ల మొదట్లో ఆగిపోయింది. బూన్ తర్వాత లండన్‌లో లైబ్రరీ ఉద్యోగం చేశాడు.

సొంత లేబుల్ నిలబడదని దీన్నిబట్టి అనేయకూడదు. వాషింగ్టన్‌లో 1980లో కుర్రాళ్లు షోల డబ్బు దాచి, అట్టలు చేత్తో కత్తిరించి అతికించి మొదలుపెట్టిన డిస్కార్డ్ అనే లేబుల్, కాగితం మీద కాంట్రాక్టులు లేకుండానే దశాబ్దాలు నడిచింది.

నన్నడిగితే, పెద్ద కంపెనీకి వెళ్లేదున్నా సరే, మొదటి రికార్డు మాత్రం సొంత లేబుల్ మీదే రావాలి, దాని హక్కులు మన దగ్గరే ఉండాలి. బజ్‌కాక్స్ వేరే కంపెనీలో పేరు తెచ్చుకున్నాక, 1979లో ఆ నాలుగు పాటల రికార్డు మళ్లీ విడుదలైంది. అట్ట మీద న్యూ హార్మోన్స్ పేరే ఉంది. బ్రిటన్ చార్టుల్లో 31వ స్థానానికి ఎక్కింది.