ఇన్‌ఫ్యూజిబుల్ ఇంక్‌తో రంగు మీద రంగు: రెండేళ్లు వాడాక

తాంబూలం సంచులు, కోస్టర్లు, పిల్లల టీషర్టుల మీద క్రికట్ ఇన్‌ఫ్యూజిబుల్ ఇంక్ షీట్లు, పెన్నులు రెండేళ్లకు పైగా వాడాక రాస్తున్న సమీక్ష ఇది. క్రికట్ అంటే డిజైన్లు కోసే మెషీన్ల కంపెనీ. ఈ ఇంకు షీట్లను ఆ మెషీన్‌తో కోసి, హీట్ ప్రెస్ అనే వేడి పలకతో అదిమితే రంగు వస్తువులోకి దిగుతుంది. ఒకే రంగు డిజైన్‌కైతే ప్యాకెట్‌తో వచ్చే సూచనలు చాలు. రెండు మూడు రంగులు కలపాలన్నప్పుడే పని అసలు మొదలవుతుంది.

వేడితో అంటించే వినైల్ అనే ప్లాస్టిక్ షీటుకు అలవాటుపడ్డ చెయ్యి ఇక్కడ పొరపాటు చేస్తుంది. వినైల్ బట్ట మీద పొరగా అతుక్కుంటుంది, కింద నలుపున్నా పైన వేసిన పసుపు పసుపుగానే ఉంటుంది. ఈ ఇంకు వేడికి ఆవిరై పాలిస్టర్ పోగుల్లోకి దిగిపోతుంది. చేత్తో తడిమితే ఏమీ తగలదు, ఎన్ని ఉతుకులైనా పెచ్చులు లేవవు. కాకపోతే కింది రంగును ఇది కప్పలేదు. పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ వస్తుంది, నలుపు మీద గులాబీ వేస్తే నలుపే మిగులుతుంది. తెలుపు కావాలంటే ఆ చోటు ఖాళీగా వదలాల్సిందే. అందుకే బట్ట తెల్లదో, బాగా లేత రంగుదో అయి ఉండాలి. పైగా అది పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా పాలిస్టర్‌ది కావాలి. మామూలు కాటన్ సంచి మీద ప్రెస్ చేసిన రోజు బాగానే కనిపిస్తుంది, ఉతికితే వెలిసిపోతుంది.

బాగా నమ్మదగిన పద్ధతి, ముక్కలను ఒకదాంట్లో ఒకటి పొదిగి ఒక్కసారే ప్రెస్ చేయడం. ఎనిమిది రేకుల తామర ముగ్గు తీసుకోండి: గులాబీ రేకులు, మధ్యలో పసుపు బొట్టు. క్రికట్ యాప్ డిజైన్ స్పేస్‌లో పసుపు వృత్తాన్ని రేకుల మీద పెట్టి స్లైస్ (ఒక ఆకారంతో మరోదాన్ని కోసే ఆప్షన్) కొడితే సరిగ్గా అంతే ఖాళీ పడుతుంది. మిర్రర్ (బొమ్మను అద్దంలోలా తిప్పే ఆప్షన్) ఆన్ చేసి, రంగు వైపు పైకి ఉండేలా మెషీన్‌లో పెట్టే మ్యాట్ మీద పరిచి కట్ చేయాలి. కట్ అయ్యాక షీటును మెల్లగా వంచితే కోసిన గీతల వెంట విడుతుంది. అక్కర్లేని ముక్కలను గోటితో తీయండి. హుక్కుతో గీకితే అక్కడ ఇంకు రేగి, ఆ గీత బట్ట మీద తేలుతుంది. గులాబీ షీటు అడుగు పొరకు (లైనర్) జిగురుంటుంది కనుక ఖాళీలో దించిన పసుపు ముక్క కదలదు. దించేటప్పుడు అర మిల్లీమీటరు జరిగినా బొట్టు పక్కన సన్నటి తెల్ల నెలవంక మిగులుతుంది. అలాగని ముక్కలను ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తే ఇంకా చెడుతుంది. బట్టకు తగిలే ముక్క రంగే సరిగా దిగుతుంది, ఆ మందం వల్ల చుట్టూ అంచు పాలిపోతుంది.

ప్రెస్‌కు ముందు షీట్లన్నీ వెలిసినట్టే కనిపిస్తాయి, కంటితో రంగు అంచనా వేయలేం. గోరంత తుక్కు ముక్కను పాత పాలిస్టర్ గుడ్డ మీద ప్రెస్ చేసి చూసుకోండి. షీటు ఒక్కసారికే పనికొస్తుంది, ఖరీదూ తక్కువ కాదు.

బట్ట లోపల తెల్ల కార్డ్‌స్టాక్ (మందపాటి కాగితం) పెట్టాలి, లేకపోతే రంగు వెనక పొరకు దిగుతుంది. నూగు తీసే లింట్ రోలర్ మానకండి. కంటికి కనిపించని నూగు కూడా ప్రెస్‌లో నీలం చుక్కై బయటపడుతుంది. ముందు 15 సెకన్లు వేడి చేసి తేమ పోగొట్టి, చల్లారనిచ్చి, డిజైన్ పరిచి, పైన బుచర్ పేపర్ (పూత లేని కాగితం) వేసి టీషర్టుకైతే 196 డిగ్రీల సెల్సియస్ దగ్గర 40 సెకన్లు. సెరామిక్ కోస్టర్‌కు 205 డిగ్రీలు, 240 సెకన్లు. ప్రెస్‌ను నిట్టనిలువునా ఎత్తాలి, పక్కకు జరిగితే నీడలా రెండో బొమ్మ పడుతుంది. ఇంట్లో ఇస్త్రీపెట్టె దీనికి సరిపోదు. వేడి అంతటా ఒకేలా ఉండదు, ఆవిరి రంధ్రాల కింద మచ్చలు పడతాయి.

రంగులు కలిసి కొత్త రంగు పుట్టాలనుకుంటేనే రెండుసార్లు ప్రెస్ చేయండి. లేతది ముందు, ముదురుది తర్వాత. రెండోసారి వేడికి మొదటి రంగు కూడా కొంత ఆవిరై పైకి లేస్తుంది. ఆ బుచర్ పేపర్ తీసి చూడండి, మొదటి బొమ్మ దాని మీద లేతగా దిగి ఉంటుంది. అందుకే ప్రతిసారీ కొత్త కాగితం, కొత్త కార్డ్‌స్టాక్ వాడాలి. మూడోసారికి రంగులు మందగిస్తాయి, అక్కడితో ఆపేయడం మేలు.

పెన్నులు ఈ పనికి చక్కగా కుదురుతాయి. లేజర్ కాపీ కాగితం మీద మిర్రర్‌లో గీయించి, రేకులు దిగాక నల్లటి అంచుగీతలు చివర్లో ప్రెస్ చేస్తే పొదిగినప్పుడు మిగిలిన సన్నటి సందులు కూడా వాటి కింద దాగిపోతాయి.

మెరుపు కోసం పైన బంగారు రంగు వినైల్ వేయొచ్చు, ఇంకు పని మొత్తం పూర్తయి బట్ట చల్లారాకే. ముందు వినైల్ వేస్తే 196 డిగ్రీలకు పాడవుతుంది. వినైల్‌ను దాని సూచనల్లో ఉన్న తక్కువ వేడితోనే అంటించండి. ఎరుపు మీద తెల్ల వినైల్ మాత్రం వద్దు, కింది రంగు మెల్లగా ఎగబాకి తెలుపును గులాబీ చేస్తుంది.

బట్టను తిరగేసి చల్లటి నీళ్లలో ఉతకాలి, బ్లీచ్ తగలకూడదు. మన ఎండకు ఈ రంగులు వెలుస్తాయి, నీడన ఆరేయండి. మిగిలిన షీట్లను వచ్చిన నల్ల కవర్లోనే, సిలికా పొట్లంతో సహా మూసి ఉంచండి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో వానాకాలం తెరిచి వదిలేస్తే తేమ పట్టి, ప్రెస్‌లో అంచులు పాకిపోతాయి.