కుండీలోని హెదర్‌కు వేరు పురుగు పడితే: నులిపురుగులా, మందు నీళ్లా, మట్టి మార్పా?

బ్రిటన్‌లో ఆగస్టు రాగానే నర్సరీల ముందు ఊదా రంగు హెదర్ కుండీలు బారులు తీరుతాయి. ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో మల్లె, కనకాంబరం నిలవడం లేదని విసిగి దీనివైపు మళ్లినవారు కొందరున్నారు, వారిలో నేనొకణ్ణి. ఆమ్ల గుణమున్న మట్టిలో పెరిగే ఈ చిన్న పొదకు వేళ్లు వెంట్రుకల్లా సన్నగా, పై పొరలోనే అల్లుకుని ఉంటాయి కాబట్టి వాటిని తినే పురుగు చేరితే మొక్క తేరుకోవడం కష్టం.

ఆ పురుగు చాలావరకు వైన్ వీవిల్ అనే ముక్కు పురుగే. తల్లి పురుగు సుమారు 9 మిల్లీమీటర్ల నల్లని పెంకు పురుగు. ఎగరలేదు, పగలు నక్కి ఉండి రాత్రి ఆకుల అంచులు కొరుకుతుంది. వీటిలో మగవి ఉండవు. జత కట్టే పని లేకుండానే ప్రతి పురుగూ వేసవిలో వందల గుడ్లు మట్టిలో పెట్టగలదు కనుక కుండీలోకి ఒక్కటి ఎక్కినా చాలు. హెదర్ ఆకులు మరీ చిన్నవి కావడంతో కొరికిన గుర్తులు కనబడవు. పక్కనున్న రోడోడెండ్రాన్ ఆకుల అంచులు గుండ్రంగా కత్తిరించినట్టు ఉంటే అనుమానించాలి.

ఏ మందు వాడినా ముందు రోగ నిర్ధారణ జరగాలి. నా కుండీల్లో ఒకటి ఫిబ్రవరిలో గోధుమ రంగుకు తిరిగింది. నీళ్లు చాలలేదనుకుని మరిన్ని పోశాను. చివరికి కొమ్మలు పట్టుకుని లాగితే మొక్క మొత్తం చేతిలోకి వచ్చింది. కింద వేళ్లు లేవు, మొదలు చుట్టూ బెరడు కూడా గీకినట్టుంది. మట్టి కుమ్మరిస్తే కాళ్లు లేని, గోధుమ రంగు తల ఉన్న తెల్లటి పిల్ల పురుగులు వంకర తిరిగి పడి ఉన్నాయి. హెదర్‌ను ఇలాగే ఎండగొట్టే ఫైటోఫ్తోరా వేరుకుళ్లులో వేళ్లు మాయం కావు, నల్లబడి మెత్తబడతాయి. మట్టిలో కనిపించే 3-4 మిల్లీమీటర్ల పసుపు గోధుమ గోళీలను గుడ్లనుకుని కంగారు పడేవారూ ఉన్నారు; అవి నర్సరీవారు కలిపిన నిదాన ఎరువు, పురుగు గుడ్లు ఒక మిల్లీమీటరు కూడా ఉండవు.

ఇక పోలికకు వస్తే, కుండీల వరకు నా మొగ్గు నులిపురుగులవైపే. ఇవి మొక్కల వేళ్లపై బొడిపెలు పుట్టించే నులిపురుగుల్లాంటివి కావు; పిల్ల పురుగు శరీరంలోకి దూరి, తమతో తెచ్చిన బ్యాక్టీరియాను వదిలి దాన్ని చంపుతాయి. పొడిగా ప్యాకెట్లో వచ్చే వీటిని నీళ్లలో కలిపి కుండీల్లో పోస్తారు. అయితే ఇవి ప్రాణులు. ప్యాకెట్‌ను ఫ్రిజ్‌లో ఉంచి గడువులోపు వాడాలి, ఎండ తగలని వేళ పోయాలి, ముందూ తరువాతా మట్టి తడిగా ఉండాలి. స్టైనర్నీమా క్రౌసీ రకం మట్టి 5 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నా పనిచేస్తుంది. హెటెరోరాబ్డిటిస్‌కు 12 డిగ్రీలైనా కావాలి. ఈ తేడా చూసుకోకుండా నేను రెండో రకాన్ని నవంబరులో పోసి డబ్బు పోగొట్టుకున్నాను. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారం వరకు మంచి అదను, ఎందుకంటే అప్పటికి గుడ్లు చిట్లి ఉంటాయి, పిల్లలు చిన్నవి, మట్టిలో వెచ్చదనం ఇంకా ఉంటుంది.

ఇక కుండీలో పోసే మందు నీళ్లు: వీటిలో వాడుతూ వచ్చినది ఎసిటామిప్రిడ్ అనే పురుగుమందు. మన మిరప, పత్తి రైతులకు ఈ పేరు కొత్తేమీ కాదు. కుండీల్లోని అలంకరణ మొక్కలకే దీన్ని ఉద్దేశించారు. ఉష్ణోగ్రత పట్టింపు తక్కువ, ప్రభావం కొన్నాళ్లు నిలుస్తుంది, శ్రమ లేదు. 2018లో యూరోపియన్ యూనియన్ ఆరుబయట వాడకాన్ని నిషేధించిన మూడు నియోనికోటినాయిడ్ తరగతి పురుగుమందుల్లో ఇది లేదు. తేనెటీగలకు వాటికంటే తక్కువ హాని చేస్తుందన్నదీ నిజమే. అయినా వేళ్ల ద్వారా మొక్కంతా పాకే మందు ఇది, హెదరేమో తేనెకు పేరుపడ్డ పూలమొక్క. వేసవి హెదర్ పూసేది సరిగ్గా పురుగుకు మందు వేయవలసిన ఆగస్టు, సెప్టెంబరుల్లో. శీతాకాలపు ఎరికా కార్నియా పూసేది బంబుల్ తేనెటీగ రాణులు నిద్ర లేచి ఆకలితో తిరిగే రోజుల్లో. గులాబీకి ఒప్పుకున్నా, హెదర్‌కు ఈ మందు నా మనసు ఒప్పదు.

మట్టి మార్చడం పాత పద్ధతి. కుండీ దులిపి, పురుగులను ఏరి, వేళ్లు కడిగి కొత్త ఆమ్ల మట్టిలో నాటాలి. రెండు మూడు కుండీలకు ఇది చౌక, నమ్మకమైనది, పిచ్చుకలకు విందు. ఇరవై కుండీలకు నడుము విరుగుతుంది. వేళ్లు సగం పోయిన మొక్కకు మాత్రం నులిపురుగులైనా మందైనా ఆలస్యమే, అప్పుడు ఇదే గతి: కాస్త లోతుగా నాటితే మట్టిలో కప్పబడిన కొమ్మలు కొత్త వేళ్లు వేస్తాయి.

కొబ్బరి కొమ్ము పురుగుపై మన దగ్గర వాడే మెటారైజియం శిలీంధ్రాన్ని ఇక్కడి పెంపకందార్లు నాటే ముందే మట్టిలో కలుపుతుంటారు, కానీ దానికి వెచ్చదనం కావాలి, ఇంట్లో ఉన్న కుండీకి అంతగా కలిసిరాదు. నేలలో నాటిన హెదర్‌కు సాధారణంగా ఇవేవీ అక్కర లేదు. అక్కడ నేల పెంకు పురుగులు, కప్పలు, ఒంటినిండా ముళ్లుండే హెడ్జ్‌హాగ్ అనే చిన్న జంతువులు కొంత చూసుకుంటాయి.

సెప్టెంబరులో నులిపురుగులు పోసినవారు మార్చిలో ఒక కుండీ వంచి మట్టి చూడాలి. తెల్ల పురుగులు ఇంకా కదులుతుంటే, అవి కోశస్థ దశకు వెళ్లకముందే, చలికి తట్టుకునే రకాన్ని మరోసారి పోయాలి.