ఐడిల్ గేమ్ మీద అభిప్రాయం: మొదటి గంటలో రాయడం మేలా, మొదటి రీసెట్ దాటాక రాయడం మేలా?

బ్రౌజర్‌లో ఆడే ఐడిల్ గేమ్‌లు, అంటే మనం పక్కన పెట్టినా వాటంతట అవే నడుస్తూ అంకెలు పోగుచేసే ఆటలు, తయారుచేసే కుర్రవాళ్ళు లింకు పంపి, ఆడి చూసి అభిప్రాయం రాయమని అడగడం కొంతకాలంగా జరుగుతున్నదే. ఆ ఆటలను నాతోపాటు ఆడేవాళ్ళు మాత్రం మరో ప్రశ్న పదేపదే అడుగుతున్నారు. ఆట తెరిచిన మొదటి గంటలో తోచినది తోచినట్టు రాసి పంపాలా, లేక నాలుగైదు రోజులు ఆడి, మొదటి రీసెట్ (పోగుచేసినదంతా వదులుకుని, బదులుగా కొంత లాభంతో ఆటను మొదటినుంచి ఆడడం) దాటాక రాయాలా? ఈ మధ్య నేను ఒక ఆట విషయంలో మొదటి పద్ధతిని ఎంచుకుని, తరువాత మాట మార్చుకోవలసి వచ్చింది. అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

ఆట గురించి ఏమీ తెలియని మనిషిగా దాన్ని చూడగలిగేది ఒక్కసారే. మొదటి గంటలో రాసే అభిప్రాయానికి ఉన్న విలువంతా అక్కడే ఉంది. మైఖేల్ టౌన్‌సెండ్ 2013లో విడుదల చేసిన ఎ డార్క్ రూమ్ తెరిస్తే ముందుగా కనిపించేది ఒక చీకటి గది, నిప్పు రాజేయడానికి ఒక బటన్. ఊరు, అడవి, పటం ఆ తరువాతే ఒక్కొక్కటిగా బయటపడతాయి. ఏ క్షణంలో కుతూహలం పుట్టిందో, ఏది నొక్కాలో తెలియక ఎక్కడ ఆగిపోయారో రెండో రోజుకు మీకే గుర్తుండదు, ఎందుకంటే అప్పటికి చెయ్యి అలవాటు పడిపోయి ఉంటుంది. బటన్ మీది మాట అర్థం కాకపోవడం, ఫోన్ తెర మీద అంకెలు ఒకదానిపై ఒకటి పడడం వంటి లోపాలనూ అప్పుడే రాసుకోవాలి.

అయితే ఈ రకం ఆటల్లో అసలు సంగతి ఆ గంటలో కనిపించదు. పిల్లుల ఊరిని పెంచే కిట్టెన్స్ గేమ్‌లో ఒక రోజు రెండు సెకన్లు, ఒక రుతువు వంద రోజులు. వసంతంలో మొదలైన ఆటలో తొలి చలికాలం రావడానికే 10 నిమిషాలు పడుతుంది. ఆ కాలంలో పిల్లుల మేత ఉత్పత్తి 75 శాతం పడిపోతుంది కనుక, ఐదు నిమిషాలు ఆడి ‘మరీ తేలికగా ఉంది’ అని రాసినవారు చలికాలాన్ని చూడకుండానే తీర్పు ఇచ్చినట్టవుతుంది. కుకీ క్లికర్‌లో కుకీలు తయారుచేసే భవనాలను కొంటూ పోవాలి; ఒక భవనం కొన్న ప్రతిసారీ ఆ రకం భవనం ధర 15 శాతం పెరుగుతుంది. అంటే ఐదు కొంటే ధర రెట్టింపు, యాభై కొన్నాక ఇంచుమించు 1,083 రెట్లు, వంద కొన్నాక 11 లక్షల 74 వేల రెట్లు. కొన్న ఒక్కో భవనం కలిపే ఆదాయం మాత్రం, అప్‌గ్రేడ్‌లు (ఆదాయం పెంచే అదనపు కొనుగోళ్ళు) లేకపోతే, మొదటిదానితో సమానమే. ఈ రెండింటి మధ్య దూరం ఎప్పుడు భరించలేనంతగా పెరుగుతుందో, అప్పుడు రీసెట్ చేసి మళ్ళీ మొదలుపెట్టాలని ఆటగాడికి నిజంగా అనిపిస్తుందో లేదో, మొదటి గంటలో చెప్పడం ఎవరి తరమూ కాదు.

నేను పొరబడిన ఆట ఒక ఇంజనీరింగ్ విద్యార్థి రొయ్యల చెరువుల మీద తయారుచేసినది. మేత, ఏరేటర్లు, పట్టుబడి అన్నీ చక్కగా అమర్చాడు. (ఏరేటర్ ఆగితే ఆక్సిజన్ పడిపోతుందన్నది చెరువు ఉన్న ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు, ఆటలో దాన్ని పెట్టిన తీరు నాకు ముచ్చట వేసింది.) అరగంట ఆడి, వేగం సరిగ్గా కుదిరిందని రాసి పంపాను. నాలుగో రోజు తెరిచేసరికి తరువాతి ఏరేటర్‌కు రెండు రోజులు ఎదురుచూడాలి. పైగా రాత్రంతా మూసి ఉంచిన ట్యాబ్‌లో ఒక్క రొయ్యా పెరగలేదు. మిగిలినవాళ్ళందరూ నాలాగే అరగంటకే మెచ్చుకున్నందువల్ల ఈ రెండు సంగతులూ ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు.

నా దృష్టిలో ఈ రెండు పద్ధతుల మధ్య తేల్చేది ఇదే: ఐడిల్ గేమ్‌ను ఆడేది ఎదురుగా కూర్చున్నప్పుడు కాదు, వదిలి వెళ్ళి తిరిగి వచ్చినప్పుడు. వచ్చేసరికి ఏమీ పోగవకపోతే విసుగు. అన్నీ కొనేయగలిగినంత పోగైతే ఆలోచించడానికి ఏమీ మిగలదు. రెండు మూడింటిలో ఏది ముందు కొనాలా అని ఒక్క క్షణం ఆగవలసి వస్తే ఆట కుదిరినట్టు. కుకీ క్లికర్‌లో ఆట మూసి ఉన్నప్పుడు ఆదాయం రావాలంటే రీసెట్ తరువాత ఒక ప్రత్యేక అప్‌గ్రేడ్ కొనాలి. కొన్నా అది మొదట్లో ఒక గంటపాటు మామూలు ఆదాయంలో 5 శాతమే. అది ఉదారంగా ఉందా, పిసినారితనమా అన్నది తిరిగి వచ్చినవారే చెప్పగలరు.

తిరిగి రావడంలో బ్రౌజర్ పాత్ర కూడా ఉంది. 2021 జనవరిలో వచ్చిన క్రోమ్ 88 నుంచి, ఐదు నిమిషాలకు మించి కనపడకుండా ఉన్న ట్యాబ్‌లో టైమర్లు (ఆటను అంచెలంచెలుగా నడిపే లోపలి గడియారాలు) చాలా సందర్భాల్లో నిమిషానికి ఒక్కసారే నడుస్తాయి. శబ్దం మోగుతున్న ట్యాబ్‌కు ఈ ఆంక్ష లేదు కనుక, ఆట సంగీతాన్ని వింటూ ఆడినవారికి, మ్యూట్ చేసి ఆడినవారికి అదే ఆట రెండు వేగాలతో కనిపించవచ్చు. సఫారీ వాడేవారు ఏడు రోజులపాటు ఆ సైటును తాకకపోతే బ్రౌజర్‌లో దాచిన సేవ్ (ఆట ఎక్కడిదాకా వచ్చిందన్న నమోదు) చెరిగిపోయే అవకాశం ఉంది. ఇవి తెలియక ‘మీ ఆట ఆగిపోతోంది’ అని రాస్తే డెవలపర్ లేని తప్పు కోసం వెతుక్కుంటాడు. కనుక ఎంతసేపు వెళ్ళారు, ట్యాబ్ మూశారా, వెనక ఉంచారా, ఏ బ్రౌజర్, వచ్చేసరికి ఏమేమి కొనగలిగారు అన్నవి ప్రతిసారీ ఒక వరుసలో రాసుకోవడం మంచిది. సేవ్‌ను అక్షరాల కోడ్‌గా బయటికి తీసే వీలున్న ఆటైతే, అభిప్రాయంతో పాటు ఆ కోడ్‌ను పంపితే పేజీల వర్ణన తప్పుతుంది.

రీసెట్ దాటాక రాయడంలో లోపం లేకపోలేదు. అప్పటికి ఆట మీద మమకారమో, పెట్టిన సమయం మీద మమకారమో తెలియని స్థితి వస్తుంది; చాలామంది అక్కడిదాకా రారు కూడా. వారు ఎక్కడ మానేశారన్నది డెవలపర్‌కు అవసరమైన సమాచారమే. ఫ్రాంక్ లాంట్జ్ 2017లో చేసిన యూనివర్సల్ పేపర్‌క్లిప్స్ వంటి, ముగింపు ఉండి కొన్ని గంటల్లో పూర్తయ్యే ఆటలకు ఈ చర్చ వర్తించదు, పూర్తిచేసి రాయడమే. నక్షత్రాలు ఇచ్చి ఊరుకోవడం, తెర రికార్డు చేసి పంపడం అనే మార్గాలూ ఉన్నాయి. మొదటిదానితో డెవలపర్‌కు ఏమీ తెలియదు, రెండోదాన్ని చూసే ఓపిక అతనికి ఉండదు.

అందువల్ల నా ఓటు రీసెట్ దాటాక రాయడానికే. మొదటి గంటలో తోచినది రాసుకుంటాను కాని పంపను. రొయ్యల చెరువుల విద్యార్థి ధరల పెరుగుదల తగ్గించి, మూసి ఉన్న కాలాన్ని గడియారం చూసి లెక్కించేలా మార్చి, గత వారం మళ్ళీ లింకు పంపాడు. మొదటి గంట కాగితం నా దగ్గరే ఉంది. రీసెట్‌కు ఇంకా రెండు పట్టుబడులు కావాలి.